దేశ రక్షణ, దేశాభివృద్ధి - మన ఇంటి లెక్క

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



దేశ రక్షణలో, దేశాభివృద్ధిలో సైన్యం పాత్రను గూర్చి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్ములను కోరారు. విషయం పెద్దది. పుస్తకంలో వ్రాసినట్లు చెప్పుకుంటూపోతే వినేవారికి నిద్ర వస్తుంది. వెనుక వరుసలో ఇప్పటికే ఇద్దరు చాయ్ కోసం లేచినట్లు కనబడుతున్నది. అందుచేత మన ఇండ్లకు తగిలే మాటలే చెప్పదలచుకున్నాము.

మన తాతలు పట్నం పోయేటప్పుడు సికింద్రాబాదు అనేవారు కారు, "లష్కర్‌కు పోతున్నం" అనేవారు. లష్కర్ అంటే ఫౌజు, దండు. 1798లో నిజాం కంపెనీవారితో చేసుకున్న ఒప్పందంతో వారి పటాలం వచ్చి హుస్సేన్‌సాగర్ అవతల దిగింది. 1806లో ఆ దండుకు అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. డేరాలు వేసిన చోట ముందు గుర్రాల దాణా అమ్మేవాడు వచ్చాడు, తరువాత దర్జీ వచ్చాడు, చెప్పులు కుట్టేవాడు వచ్చాడు, రొట్టెల భట్టీ వచ్చింది, ఆసుపత్రి, బడి వచ్చినవి. చూస్తూ ఉండగానే ఒక నగరం లేచింది. రక్షణకు, బ్రతుకుదెరువుకు ఉన్న సంబంధం తెలియాలంటే పెద్ద గ్రంథాలు అక్కరలేదు, ఆ ఒక్క ఊరు పేరు చాలు.

అయితే ఆ దండు ఎవరి రక్షణకు వచ్చింది? సింహాసనం రక్షణకు, కంపెనీ వ్యాపారం రక్షణకు. మన జగిత్యాల ఖిల్లా సంగతీ అంతే. 18వ శతాబ్దంలో జఫరుద్దౌలా కాలంలో, ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట అది. చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు. చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆ ఫిరంగుల వెనుక నిలబడిన సిపాయికి జీతం ఇచ్చినది రైతు, హుకుం ఇచ్చినది దొర. రైతు నోరు తెరిచి లెక్క అడిగే వీలు లేకుండెను.

ఈనాడు ఆ వీలున్నది. 2025-26 సంవత్సరానికి కేంద్ర బడ్జెటులో రక్షణ శాఖకు 6 లక్షల 81 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సంవత్సరం కేంద్రం ఖర్చులో ప్రతి 100 రూపాయలలో 13 రూపాయల పైచిలుకు. కోరుట్లలో బీడీలు చుట్టే అక్క సబ్బు కొన్నా, సిరిసిల్లలో సాంచాలు నడిపే తమ్ముడు ఫోను రీచార్జి చేసుకున్నా అందులోంచి ఒక పైస ఆ ఖాతాకు పోతుంది. ఇచ్చేవారికి రెండు హక్కులుంటాయి. ఒకటి, దీనివల్ల మాకేమి ఒరిగిందని అడగడం. రెండు, అందులో మా పిల్లలకు చోటేదని అడగడం. ఈ రెండే మా ప్రసంగం.

మొదటిదానికి జవాబు సరిహద్దు దగ్గర వెతకనక్కరలేదు, మన గడప దగ్గరే దొరుకుతుంది. ఈ సభలో కూర్చున్న ఇండ్లలో దుబాయికో, సౌదీకో, కువైటుకో, మస్కట్‌కో మనిషిని పంపని ఇల్లు ఏదైనా ఉంటే చేయి ఎత్తమంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు. మన మూడు ఊళ్ళ పెండ్లిళ్ళు, ఇండ్లు, పిల్లల ఫీజులు అరేబియా సముద్రం మీదుగా వస్తున్నవి. ఆ సముద్రంలో అలజడి లేస్తే మన వంటింట్లో పొయ్యి చల్లారుతుంది.

1990లో ఇరాక్ సేనలు కువైటులో జొరబడినప్పుడు అక్కడివారు ఎన్ని అవస్థలు పడ్డారో పాతవారికి తెలుసు. ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుండి విమానాలెక్కారు. దాదాపు 1,70,000 మందిని వెనుకకు తెచ్చారు. నిజం చెప్పాలంటే ఆ పని చాలావరకు చేసినది పౌర విమానాలు, ఎయిర్ ఇండియా సిబ్బంది. దాన్ని ఫౌజు ఖాతాలో వ్రాయడం న్యాయం కాదు. కాని 2015లో యెమెన్‌లో బాంబులు పడుతున్నప్పుడు కథ వేరు. విమానాశ్రయాలకు దారి మూసుకుపోయిన చోట మన నౌకాదళం ఓడలు ముందుకు పోయినవి. 'సుమిత్ర' అనే ఓడ ఏడెన్ రేవు నుండి 349 మందిని ఎక్కించుకొని జిబూటీ చేర్చింది. మొత్తం మీద ఓడలు, విమానాలు కలిసి 4,600 మందికి పైగా భారతీయులను, 41 దేశాలకు చెందిన మరి 960 మందిని గట్టెక్కించినవి.

2023 ఏప్రిల్‌లో సుడాన్‌లో రెండు సైనిక వర్గాలు పరస్పరం కొట్టుకొని దేశాన్ని వల్లకాడు చేసుకుంటున్నప్పుడు జరిగినది ఇంకా ఆశ్చర్యం. ఖార్టూమ్‌కు ఉత్తరాన వాదీ సయ్యద్‌నా అనే చోట చిన్న రన్‌వే ఒకటి ఉన్నది. దీపాలు లేవు, ఇంధనం లేదు, దారి చూపేవారు లేరు. మన వాయుసేన విమానం రాత్రివేళ, చీకట్లో చూడగలిగే అద్దాలు పెట్టుకున్న పైలట్లతో అక్కడ దిగింది. గరుడ్ కమాండోలు దిగి చుట్టూ కాపలా కాస్తే 121 మందిని ఎక్కించుకొని లేచింది. అందులో ఒక గర్భవతి కూడా ఉన్నది. అక్కడినుండి జిద్దా. జిద్దా అంటే మనవారికి వేరే చెప్పాలా!

ఇటువంటి వార్త పేపరులో చదివి, పేజీ తిప్పి, బంగారం ధర చూస్తాము. కాని కొడుకు రియాద్‌లో ఉన్న తల్లికి ఆ వార్తే బంగారం. ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల నుండి సరుకు ఓడలను కాయడానికి 2008 నుండి మన యుద్ధనౌకలు తిరుగుతున్నవి. ఆ ఓడలలో మన ఆటోలో పోసే పెట్రోలుకు మూలమైన చమురు ఉంటుంది, మనం పంపే బియ్యం ఉంటుంది. భద్రత అంటే ఇది. ఎవరినో కొట్టడం కాదు, మనవాని కమాయీ ఇల్లు చేరే దారి తెరిచి ఉంచడం.

అంత దూరమెందుకు, సిరిసిల్లవారు చెప్పాలి. 2025 ఆగస్టు చివర మానేరు పొంగి గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర రైతులు నడి వరదలో చిక్కుకుపోయారు. ఒడ్డున జనం, నడుమ నీళ్ళు, పడవ పోలేదు. చివరికి హెలికాప్టర్ వచ్చి పైకి తీసుకుపోతే ప్రాణం దక్కింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన నాడు కూడా తిండి పొట్లాలు వేయడంలో, శవాలు తీయడంలో జవానులు పాలుపంచుకున్నారు.

ఇక అభివృద్ధి మాట. హైదరాబాదులో రక్షణ సంస్థలు ఒకటి తరువాత ఒకటి ఎట్లా వచ్చినవో చూడండి. 1962లో చైనాతో యుద్ధంలో తగిలిన దెబ్బ తరువాత దేశానికి కళ్ళు తెరుచుకున్నవి. కంచన్‌బాగ్ వైపు ప్రయోగశాలలు పెరిగినవి. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్, 1984లో మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ. దుండిగల్‌లో వాయుసేన అకాడమీ 1971లోనే మొదలైంది. వీటికి మరలు చేసిపెట్టే చిన్న కార్ఖానాలు బాలానగర్, కుషాయిగూడ, చర్లపల్లిలో వందల్లో లేచినవి. లేత్ మిషను మీద పనిచేసే ఐ.టి.ఐ. కుర్రవాడు దేశ రక్షణలో ఉన్నాడని ఎవరూ దండ వేయరు గాని, ఉన్నాడు. 2025 మే నెలలో సరిహద్దున వాడిన ఆకాశ్ క్షిపణులు ఆ భారత్ డైనమిక్స్‌లో తయారైనవే.

ఇక్కడ డాక్టర్ అబ్దుల్ కలాం గారి సంగతి కొంచెం తీరికగా చెప్పనివ్వండి. 'రాష్ట్రపతి, క్షిపణి పితామహుడు' అని పిల్లలు వక్తృత్వపు పోటీలలో అప్పజెప్పేస్తున్నారు. మాకు వారి జీవితంలో వేరే రెండు సంగతులు ఎక్కువ ఇష్టం.

మొదటిది, వారు ఫౌజులో తప్పినవారు. వాయుసేన పైలట్ కావాలని డెహ్రాడూన్ పోయి ఇంటర్వ్యూ ఇచ్చారు. 25 మందిలో 9వ స్థానం వచ్చింది, తీసుకున్నది 8 మందిని. అంతకుముందు మద్రాసులో ఇంజనీరింగు ఫీజు కట్టడానికి అక్క జొహరా తన బంగారం కుదువ పెట్టింది. ఆ బంగారానికి ఆ 9వ స్థానం ఎంత బరువు అనిపించి ఉంటుందో! పైలట్ కాలేకపోయిన ఆ మనిషే 1982లో హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చారు. 1988లో పృథ్వి, 1989లో అగ్ని ఎగిరినవి.

రెండవది ఇంకా పెద్దది. క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన గట్టి పదార్థాన్ని నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకరు చేతిలో పట్టుకొని చూసి, కలాం గారిని తన వార్డుకు తీసుకుపోయారు. పోలియో వచ్చిన పిల్లలు 3 కిలోల బరువైన ఇనుప చట్రాలు కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో ఆ ప్రయోగశాలవారు 300 గ్రాముల చట్రం చేసి ఇచ్చారు. పిల్లలు ఉరికారు. అన్ని క్షిపణులు ఎగురవేసినదానికంటె అది తనకు ఎక్కువ ఆనందం ఇచ్చిందని కలాం గారు ఎన్నో సభలలో చెప్పుకున్నారు. తరువాత డాక్టరు సోమరాజు గారితో కలిసి తక్కువ ఖర్చులో గుండె స్టెంటు తయారు చేయించారు. రక్షణ పైసలు అభివృద్ధి పైసలుగా మారడమంటే ఇట్లా మారాలి. ఎన్నిసార్లు మారుతున్నవి అని అడుగుతూ ఉండటం కూడా మన పనే.

ఇక అందరూ మెల్లగా మాట్లాడుకునే మాట ఒకటున్నది. దాన్ని దాటవేసి సైన్యాన్ని పొగిడితే మన ఇండ్లలో ముసలివారు ముసిముసి నవ్వులు నవ్వుతారు.

1948 సెప్టెంబరు 13 నుండి 17 వరకు ఇక్కడికి భారత సేన వచ్చింది. పోలీసు చర్య అన్నారు. అంతకుముందు రజాకార్లు పల్లెల మీద పడి చేసిన దౌర్జన్యాలు నిజం, మన పొరుగువారి ఇండ్లలో ఆ గాయాలున్నవి. ఆ తరువాత రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిములు హైదరాబాదు రాష్ట్రంలో అనేక చోట్ల ప్రాణాలు, ఇండ్లు పోగొట్టుకున్నదీ నిజం. నెహ్రూ గారు పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ గార్లను పంపి విచారణ చేయించారు. ఆ నివేదిక దశాబ్దాల తరబడి బయటికి రాలేదు. ఫౌజు అనే మాట వింటే మన నానీమాలు తలుపు గడియ వేసుకున్నారంటే దానికి కారణం ఉన్నది. దాన్ని ఎవరూ తప్పు పట్టరాదు.

కాని అదే సంవత్సరం, అంతకు రెండు నెలల ముందు, జూలై 3న కాశ్మీరులో ఝంగర్ దగ్గర బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ ఫిరంగి గుండు తగిలి చనిపోయారు. ఝంగర్ చేజారినప్పుడు దాన్ని తిరిగి గెలిచేవరకు మంచం మీద పడుకోనని నేల మీద చాప పరుచుకున్న మనిషి. మార్చిలో గెలిచారు, జూలైలో పోయారు. జామియా మిలియా దగ్గర ఉన్న వారి సమాధి వద్దకు ప్రధానమంత్రే వచ్చారు. ఒకే దేశం, ఒకే సైన్యం, ఒకే సంవత్సరం. రెండింటినీ ఒకే గుండెలో పెట్టుకొని బ్రతకడం మన తరాల వంతు అయింది. ఒకదాన్ని చెప్పి ఇంకొకదాన్ని దాచేవారిని, వారు ఏ పక్షం వారైనా సరే, మేము నమ్మము.

1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ పోరులో పాటన్ టాంకులను జీపు మీది తుపాకితో ఎదిరించి పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ దర్జీ ఇంటి బిడ్డ. ఫౌజులో చేరకముందు తానూ బట్టలు కుట్టినవాడే. సిరిసిల్లవారికి ఈ మాట ప్రత్యేకించి చెబుతున్నాము. ఇక మన హైదరాబాదువాడు, నిజాం కాలేజీలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978 నుండి 1981 వరకు భారత వాయుసేనకే అధిపతి. 1999లో కార్గిల్ పోరులో హనీఫుద్దీన్, 2020లో గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ సంతోష్‌బాబు, ఇట్లా పేర్లు చెబుతూ పోతే పొద్దు చాలదు. 2025 మేలో దేశమంతా టీవీల ముందు కూర్చున్నప్పుడు సైన్యం తరఫున మాట్లాడిన ఇద్దరు స్త్రీలలో ఒకరు కర్నల్ సోఫియా ఖురేషీ. ఆ రోజు మన ఆడపిల్లలు టీవీ దగ్గరకు జరిగి కూర్చున్నారు.

ఇంకొక మాట ఇదే వరుసలో. సైన్యం కంచె వంటిది. కంచె చేను చుట్టూ ఉండాలె గాని చేను నడుమ ఉండరాదు. 1978లో ప్రభుత్వం మన సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాతి ఏండ్లలో పోలీసు క్యాంపులు, అర్ధరాత్రి సోదాలు, అటునుంచి ఇటునుంచి తుపాకులు, ఎన్ని కులాల, ఎన్ని మతాల పిల్లలు పోయారో ఈ నేలకు తెలుసు. భూమి తగాదా తుపాకీతో తేలలేదు. పొరుగు దేశాలలో ఫౌజు గద్దెనెక్కి పాలించిన చోట్ల, పాకిస్తాన్‌లో 1958 నుండి పలుమార్లు, బర్మాలో 1962 నుండి, అభివృద్ధి ఏపాటిదో లోకం చూసింది. మన ఫౌజు గొప్ప ఒకటున్నది, ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా గద్దె వైపు అడుగు వేయలేదు. ఎన్నికల్లో ఓడినవాడు ఇంటికి పోతాడు, జనరలు పదవీ విరమణ చేసి ఇంటికి పోతాడు. ఇంతకంటె పెద్ద రక్షణ ఏమున్నది?

ఇక రెండవ హక్కు, మన పిల్లల చోటు. ఎంతమంది ముస్లిములు సైన్యంలో ఉన్నారో మతం వారీ లెక్క ప్రభుత్వం ప్రకటించదు. కాబట్టి ఆ అంకె మీద కొట్లాడుకోవడం దండుగ. మన గల్లీలో ఎందరు దరఖాస్తు పెట్టారో లెక్కబెడితే అంతకంటె ఉపయోగం. ఏజెంటుకు లక్షలు అప్పు తెచ్చి ఇస్తాము, పాసుపోర్టు అతని చేతిలో పెడతాము. కొద్దిపాటి ఫీజుతో పెట్టే దరఖాస్తు మాత్రం "మనకెక్కడొస్తదిలే భాయ్" అని వదిలేస్తాము.

ఉన్నది ఉన్నట్లు చెబుతాము. 2022 జూన్ నుండి సిపాయి భర్తీ అగ్నిపథ్ పద్ధతిలో జరుగుతున్నది. 2025 భర్తీలో పదిహేడున్నర ఏండ్ల నుండి 21 లోపు వయస్సు అడిగారు. 4 ఏండ్ల నౌకరీ. మొదటి యేడు నెలకు 30 వేలు, నాలుగో యేడు 40 వేలు, అందులో మూడో వంతుకు కొంచెం తక్కువ నిధిలో జమ. దిగిపోయేటప్పుడు సుమారు 11 లక్షల 70 వేలు చేతికి వస్తాయి. పించను లేదు. 2022లో ప్రకటించిన నియమం ప్రకారం నూటికి 25 మంది వరకు మాత్రమే ఆ తరువాత ఉంచుకుంటారు. ఈ పద్ధతి వచ్చిన రోజులలోనే, 2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో కుర్రవాళ్ళు తిరగబడటం, కాల్పులు, ఒక ప్రాణం పోవడం చూశాము. రెండేండ్లు పరుగు ప్రాక్టీసు చేసిన పిల్లల కోపంలో న్యాయం లేదని మేమనము. తగలబెట్టిన రైలు డబ్బాలో న్యాయం ఉన్నదనీ అనము.

"నాలుగేండ్లకు ఇంటికి పంపితే నా కొడుకు గతేమిటి?" అని తల్లులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి మేము చెప్పేది ఇంతే. గల్ఫులో నాలుగేండ్లు చేసి వచ్చిన పిల్లవాని గతేమిటని మనం ముందుగా అడుగుతున్నామా? అక్కడ వీసా అప్పు తీరేసరికే రెండేండ్లు. ఇక్కడ అప్పు లేదు, తిండి, బట్ట, వైద్యం ఉచితం. ప్రమాదం ఉన్నది, నిజమే. ఎండలో, ఎత్తు అంతస్తుల మీద అక్కడ లేదా? పెట్టెలో తిరిగి వచ్చిన పిల్లలను ఈ మూడు ఊళ్ళూ మోసినవి. ఏది మంచిదో ఇంటింటికీ వేరుగా ఉంటుంది. కూర్చొని లెక్క వేసుకోవాలె, వినికిడి మాట మీద కాదు.

చదువులో చురుకైన పిల్లలకు వేరే దారులున్నవి. ఇంటర్ చదువుతుండగానే ఎన్.డి.ఏ. పరీక్ష వ్రాయవచ్చు, సంవత్సరానికి రెండుసార్లు జరుగుతుంది. 2022 నుండి ఆడపిల్లలకూ ప్రవేశం ఇచ్చారు. 2025 మే 30న మొదటిసారి 17 మంది అమ్మాయిలు అక్కడ శిక్షణ ముగించి బయటికి వచ్చారు. జగిత్యాల నుండి కరీంనగర్ పోయే దారికి దగ్గరలోనే, చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో గురుకుల సైనిక్ స్కూలు ఉన్నది. ఐ.టి.ఐ. చేసిన వారికి భారత్ డైనమిక్స్‌లో, మిధానిలో, ఎద్దుమైలారంలో అప్రెంటిసుగా అవకాశాలు పడుతుంటాయి. అగ్నివీర్ పరీక్ష 2025లో 13 భాషలలో పెట్టారు, అందులో తెలుగు ఉన్నది, ఉర్దూ ఉన్నది. కాబట్టి ఇంగ్లీషు రాదనే సాకు పోయింది. మిగిలినది లెక్కలు, 1.6 కిలోమీటర్ల పరుగు.

లెక్కలు, పరుగు, రెండూ ఒక్క రోజులో రావు. మన సంఘం ఖర్చుల పట్టికలో ప్రతి యేడు విందుకు, షామియానాకు ఎంత పోతుందో ఈ సంచికలోనే అచ్చయింది, చూడండి. అందులో నాలుగో వంతు తీసి, మూడు ఊళ్ళలో మూడు చోట్ల, ఆదివారం నాడు లెక్కల మాస్టరుకు ఇద్దామని మా ప్రతిపాదన. ఫజర్ నమాజు తరువాత పిల్లలు ఎట్లాగూ లేచే ఉంటారు, గ్రౌండు ఖాళీగానే ఉంటుంది. ఏ మతం పిల్లవాడు వచ్చినా పక్కన ఉరకనివ్వాలె. సైన్యంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికులు మన చుట్టుపక్కల ఉన్నారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే దారి చూపుతారు. వారిలో ఒకరిని పిలిచి నెలకొకసారి పిల్లలతో మాట్లాడించాలె. ఇష్టమైన తల్లిదండ్రులు సభ ముగిసిన తరువాత పిల్లవాని పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు కార్యదర్శిగారి దగ్గర వ్రాయించి పోండి. ఆడపిల్లల పేర్లకు వేరే కాగితం పెట్టించాము.